హనుమకొండ నుంచి ఒక్క రోజులో: రామప్ప గుడి, చెరువు కట్ట, కోటగుళ్లు, లక్నవరం

మా ఇంటికి ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా రెండో రోజుకల్లా అడిగేది ఒకటే: "పెద్దమ్మా, రామప్పకు ఎప్పుడు పోదాం?" నేను ములుగు చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో పద్దెనిమిదేళ్లు సోషల్ చెప్పాను. మొదట బడి పిల్లలను, తర్వాత అక్కచెల్లెళ్ల పిల్లలను, ఆ తర్వాత వాళ్ల స్నేహితులను వెంటబెట్టుకుని ఆ గుడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరితో వెళ్తూనే ఉన్నాను. వెళ్లగా వెళ్లగా నాకు ఒక పద్ధతి కుదిరింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. చాలామంది రామప్ప గుడిలో ముప్పావుగంట తిరిగి, ఫొటోలు దిగి, అక్కడి నుంచి నేరుగా లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన దగ్గరికి వెళ్లిపోతారు. గుడికి కిలోమీటరు దూరంలోనే ఉన్న రామప్ప చెరువు కట్ట ఎక్కరు. గుడి కట్టించిన కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడే ఆ చెరువునూ కట్టించాడు. కాకతీయుల కాలంలో ఈ ప్రాంతంలో గుడి, చెరువు, ఊరు మూడూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చాయి. చెరువు కింద పంట పండితేనే ఊరు తినేది, గుడిలో దీపం వెలిగేది. అందుకని టైమ్ చాలక ఏది వదిలేసినా సరే, కట్ట మాత్రం వదలొద్దని నా మనవి.

ఏ నెలలో, ఏ బండిలో

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. నా వరకు అన్నిటికంటే ఇష్టమైనది అక్టోబరు. చెరువులు నిండి ఉంటాయి, వరి ఈనుతూ ఉంటుంది, దారిలో గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటారు. వానాకాలం కూడా అందంగానే ఉంటుంది కానీ దారి సంగతి కనుక్కుని బయలుదేరాలి. ఎండాకాలం మాత్రం వద్దు. ఒక ఏడు ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయాయి కదా అని నలభై మంది పిల్లలను తీసుకెళ్లాను. మేం చేరేసరికి పదకొండు దాటింది. చెప్పులు బయట విడిచి రాతి మీద కాలు పెడితే బొబ్బలెక్కేలా ఉంది. పిల్లలంతా నీడ కోసం మండపంలోకి పరిగెత్తారు, అక్కడి నుంచి కదల్లేదు. బయటి గోడ మీది ఒక్క బొమ్మ కూడా చూడకుండా తిరిగి వచ్చారు. ఆ రోజు నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను: ఎనిమిదికల్లా గుడి ముందు ఉండాలి, సంచిలో మనిషికో జత పాత మేజోళ్లు ఉండాలి.

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సమయంలో జరుగుతుంది. ఆ వారమే కాదు, దానికి ముందూ వెనకా కూడా ములుగు రోడ్డు మీద లక్షల మంది ఉంటారు. జాతరకు వెళ్లాలనుకుంటే జాతరకే వెళ్లండి, ఈ ప్రయాణం ఇంకో నెలకు పెట్టుకోండి. మామూలు రోజుల్లో కూడా ఆదివారం కంటే మంగళవారమో బుధవారమో మేలు.

హైదరాబాద్ నుంచి రామప్ప రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి చేరేవాళ్లు ఉన్నారు కానీ, రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. ముందు రోజు సాయంత్రానికి రైల్లో కాజీపేటకో వరంగల్‌కో వచ్చి, హనుమకొండలో రాత్రి ఉండండి. ఆ సాయంత్రమే వేయి స్తంభాల గుడి చూసేయొచ్చు. అది 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించినది. దాని కల్యాణ మండపాన్ని విప్పదీసి మళ్లీ నిలబెట్టే పని చాలా ఏళ్లు సాగి 2024లో పూర్తయింది. ముందు రోజు అది చూసి, తెల్లారి రామప్ప చూస్తే, యాభై ఏళ్లలో శిల్పులు ఎంత ముందుకు వెళ్లారో మీ కళ్లకే తెలుస్తుంది.

బండి విషయానికి వస్తే, నలుగురైదుగురు ఉంటే కారు మాట్లాడుకోవడమే నయం. తిరిగేది మొత్తం కలిపి దాదాపు 200 కిలోమీటర్లు. మాట్లాడుకునేటప్పుడే "పొద్దున ఐదున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా బండి మాదే" అని స్పష్టంగా చెప్పండి. ఓసారి మేం మాట్లాడుకున్న వ్యాన్ డ్రైవర్ సాయంత్రానికి ఇంకో కిరాయి ఒప్పుకుని వచ్చాడట. రామప్పలో పది నిమిషాలకోసారి హారన్ కొట్టాడు. మా చెల్లెలి మామగారు, డెబ్బై రెండేళ్ల మనిషి, జన్మలో ఒక్కసారి చూద్దామని కరీంనగర్ నుంచి వచ్చారు. ఆయన ఆ హారన్ విని కంగారుగా మెట్లు దిగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అప్పటి నుంచి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ మాట తేల్చుకుంటాను.

బస్సులో వెళ్లాలనుకునే వాళ్లకు హనుమకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం వైపు ఆర్టీసీ బస్సులు తరచుగానే ఉంటాయి. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టనక్కర్లేదు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. అయితే గుడి ఉన్న పాలంపేటకు బస్సులు తక్కువ. ములుగులో దిగి ఆటో మాట్లాడుకుంటే రామప్ప, చెరువు కట్ట తీరిగ్గా చూసి రావచ్చు. బస్సు మీద ఆధారపడి నాలుగు చోట్లూ ఒక్క రోజులో చూడడం కుదరదు. ఆ రెండే పెట్టుకోండి.

పొద్దున దారి

నేను ఐదున్నరకు బయలుదేరదీస్తాను. ములుగు రోడ్డు పట్టుకుంటే ఆత్మకూరు దాటాక కటాక్షపూర్ చెరువు తగులుతుంది. రోడ్డు ఆ చెరువు పక్కనుంచే పోతుంది. గట్టి వానలు పడ్డ ఏడు చెరువు నిండి, మత్తడి దూకి నీళ్లు రోడ్డు మీదుగా పారతాయి. అప్పుడు బండ్లు ఆగిపోతాయి. కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్లేవాళ్లు ముందు రోజే ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోవాలి. మల్లంపల్లి వచ్చేసరికి మట్టి రంగు మారుతుంది, రోడ్డుకు రెండు పక్కలా ఎర్రగా ఉంటుంది. ములుగు ఊళ్లోకి వెళ్లే ముందు గట్టమ్మ గుడి దగ్గర డ్రైవర్లు బండి ఆపుతారు. మేడారం వెళ్లేవాళ్లు ముందుగా గట్టమ్మ తల్లికి మొక్కి కదలడం ఇక్కడి ఆనవాయితీ. మీరూ ఒక్క నిమిషం దిగండి.

ములుగులో టిఫిన్ తినేయండి. రామప్ప దగ్గర చిన్న కొట్లు ఉంటాయి కానీ అంత పొద్దున్నే వేడివేడిగా దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట. ఈ చివరి దారి రెండు వైపులా పొలాలే. ఆ పొలాలు చాలావరకు రామప్ప చెరువు నీళ్ల మీద పండేవే. కారు అద్దం దించి చూస్తూ వెళ్లండి, కట్ట మీదికి వెళ్లాక ఈ పొలాల సంగతి మళ్లీ చెబుతాను.

రామప్ప: కనీసం రెండున్నర గంటలు

గుడి తూర్పు ముఖంగా ఉంది. రంగమండపానికి తూర్పు, ఉత్తరం, దక్షిణం మూడు వైపులా ద్వారాలున్నాయి. ఎనిమిది గంటల ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి స్తంభాల మీద పడుతుంది, చెక్కడం ప్రతి గీతకూ నీడ వస్తుంది. పది దాటితే ఎండ పైకెక్కి ఆ నీడలు పోతాయి, బొమ్మలు చప్పగా కనిపిస్తాయి. పొద్దున్నే రమ్మని పోరు పెట్టేది ఇందుకే.

రాగానే లోపలికి వెళ్లకండి. గుడి నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తైన పీఠం మీద ఉంది. దాదాపు ఆరడుగుల ఎత్తు. ఆ పీఠం మీదే చుట్టూ నడవడానికి వెడల్పాటి దారి ఉంది. ముందు ఆ దారిన ఒక ప్రదక్షిణ నెమ్మదిగా చేయండి. గోడ కింది భాగంలో ఏనుగుల వరస గుడి చుట్టూ సాగుతుంది. నేను పిల్లలకు ఒక ఆట పెట్టేదాన్ని: అచ్చం ఒకేలా ఉన్న రెండు ఏనుగులను చూపించిన వాళ్లకు నా డబ్బాలోంచి సకినం. తొండం మడత ఒకదానిది కాస్త లోపలికి, ఇంకోదానిది బయటికి. ఒకటి కాలు ఎత్తింది, ఇంకోటి ఆనించింది. పిల్లలు వంగి వంగి చూస్తూ గుడి మొత్తం చుట్టేవాళ్లు. పెద్దవాళ్లకు కూడా ఈ ఆట పనికొస్తుంది.

ప్రదక్షిణలోనే రెండు రకాల రాయి గమనించండి. గోడలది ఎర్రటి ఇసుకరాయి, చేత్తో తాకితే గరుకుగా ఉంటుంది, ఎనిమిది వందల ఏళ్ల వానకు అంచులు అరిగాయి. స్తంభాలు, చూరు కింద వాలుగా నిలబడ్డ స్త్రీ మూర్తులు నల్లరాయి. అది ఇనుమంత గట్టిది, ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. ఏ రాయి ఎక్కడ వాడాలో తెలిసిన మనుషులు కట్టిన గుడి ఇది.

ఆ నల్లరాతి మూర్తులను మదనికలు అంటారు. మొత్తం పన్నెండు. స్తంభం పైనుంచి చూరుకు ఆనుకుని ముందుకు వంగి ఉంటాయి. దేవుడి కంటే ముందు మనల్ని చూసేది వీళ్లేనేమో అనిపిస్తుంది. అన్నీ గబగబా చూడొద్దు. ఒక్కదాన్ని ఎంచుకుని దాని కింద ఐదు నిమిషాలు నిలబడండి. నేను ఎప్పుడూ నిలబడేది మడమ ఎత్తు చెప్పులు వేసుకున్న ఆమె దగ్గర. కింద నుంచి తల పైకెత్తి చూస్తే ముందు పాదం కనబడుతుంది. పాదానికీ కింది దిమ్మకూ మధ్య చెప్పు అట్ట విడిగా, మడమ దగ్గర మందంగా తెలుస్తుంది. కళ్లు ఇంకాస్త పైకి తీసుకెళ్తే నడుము దగ్గర వడ్డాణం, దాని నుంచి తొడ మీదికి వేలాడే గొలుసులు. మెడలో హారం ఒంటికి అతుక్కుని లేదు, పూసల నీడ ఎద మీద పడుతోంది. ఇనుములాంటి రాతిలో ఒక మనిషి ఉలితో ఆ నీడ పడేంత సందు తీశాడు. మరో మూర్తి దగ్గర కోతి ఒకటి ఆమె బట్ట పట్టుకుని లాగుతుంటుంది, పిల్లలు దాన్ని చూస్తే ఇక అక్కడి నుంచి రారు. ఒంటికి పాములు చుట్టుకున్న నాగిని కూడా ఈ వరసలోనిదే.

ఇప్పుడు లోపలికి. గైడును పెట్టుకోండి. అక్కడే ఉంటారు, తెలుగులో చక్కగా చెబుతారు, పద్దెనిమిదేళ్లు సోషల్ చెప్పిన నాకే ప్రతిసారీ కొత్త బొమ్మ ఒకటి చూపిస్తారు. కాకపోతే ముందే చెప్పండి: "మాకు తొందర లేదు, గంట తీసుకోండి" అని. ఆయన చెప్పడం అయ్యాక మీరు ఒంటరిగా ఇంకో చుట్టు తిరగండి. ఆ రెండో చుట్టులోనే గుడి మనసుకు పడుతుంది.

చిన్న టార్చి తీసుకెళ్లడం మరవొద్దు. రంగమండపం మధ్యలోని నాలుగు స్తంభాల పైన దూలాల మీద సముద్ర మథనం, త్రిపుర సంహారం ఉన్నాయి. కింద నుంచి మామూలు వెలుగులో అవి నల్లగా ముద్దలా ఉంటాయి. టార్చి నేరుగా పైకి వేయకుండా పక్కనుంచి వేస్తే ఒక్కో మనిషీ విడివిడిగా లేచి వస్తాడు. స్తంభాల చెక్కడంలో సూదిలో దారం దూరేంత సన్నని రంధ్రాలు ఉన్నాయి, వాటిని గైడు చూపిస్తారు. గర్భగుడి ద్వారం పక్కన పొన్న చెట్టు కింద వేణువు పట్టిన కృష్ణుడు ఉన్నాడు. ఆ రాతిని తడితే సరిగమలు పలుకుతాయి. గైడు ఒకసారి వినిపిస్తే వినండి, కానీ మీరు తట్టకండి, పిల్లలను తట్టనివ్వకండి. వచ్చిన వాళ్లంతా తడితే ఆ రాయి మన మనవలకు మిగలదు.

స్తంభాల మీద, ద్వారం పక్కన నాట్యం చేసే వాళ్లను, మద్దెల వాయించే వాళ్లను చూడండి. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసైన్యానికి అధిపతి అయిన జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని, ఆగిపోయిన పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. బడి వార్షికోత్సవంలో మా ఆరో తరగతి పిల్లలు పేరిణి వేసినప్పుడు, ఈ స్తంభం మీది భంగిమే వాళ్ల కాళ్లలో చూశాను.

నేల చూసుకుని నడవండి. రంగమండపంలో బండలు కొన్ని దిగి, కొన్ని లేచి, అలలా ఉంటాయి. గుడి పునాది గొయ్యిని ఇసుకతో నింపి దాని మీద ఇంత బరువు నిలబెట్టారు. నేల కదిలినప్పుడు ఆ ఇసుక పరుపులా సర్దుకుని, పై కట్టడానికి దెబ్బ నేరుగా తగలకుండా చూస్తుంది. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హనుమకొండలో మా వంటింటి అల్మరాలో గిన్నెలు గలగలమన్నాయి. ఇంట్లో అందరం వీధిలోకి వచ్చాం. నాకు మొదట గుర్తొచ్చింది రామప్పే. ఆ తర్వాత వెళ్లినప్పుడు నాలుగు స్తంభాలూ ఎప్పటిలాగే నిలబడి ఉండడం చూసి కళ్లు చెమర్చాయి. శిఖరానికి వాడిన ఇటుకలు కూడా ఈ లెక్కలోవే. నీళ్లలో వేస్తే తేలేంత తేలికైనవి. ఇసుక పునాది మీద బరువు తగ్గించాలంటే పైభాగం తేలిగ్గా ఉండాలి కదా. తేలే ఇటుక అనగానే అందరూ అబ్బురంగా వింటారు, అది ఎందుకు తేలిగ్గా ఉండాలో పిల్లలకు తప్పకుండా చెప్పండి.

బయటికి వచ్చాక ఎదురుగా నంది. చెవులు నిక్కబొడుచుకుని, స్వామి పిలిస్తే లేవడానికి సిద్ధంగా కూర్చుంది. ఆవరణలోనే చిన్న మండపంలో నల్లరాతి శాసనం ఉంది. శక సంవత్సరం 1135, అంటే 1213. రుద్రేశ్వరుడి పేరున ఈ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు మామూలు సేనాని కాడు. కాకతీయ రాజు మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయి, గణపతిదేవుడు వాళ్ల చేతిలో బందీగా ఉన్న రోజుల్లో రాజ్యాన్ని చెదిరిపోకుండా కాపాడినవాడు. రామప్ప అనేది మాత్రం గుడి చెక్కిన శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటారు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకున్నప్పుడు రుద్రేశ్వర, రామప్ప రెండు పేర్లూ కలిపే రాశారు. ఆ సాయంత్రం మా కాలనీలో మిఠాయి పంచాను.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే: మెట్లు ఎక్కువ లేవు కానీ ఎత్తుగా ఉంటాయి. చేయి పట్టుకుని ఎక్కించి మండపంలో అరుగు మీద కూర్చోబెట్టండి. అక్కడ కూర్చునే సగం గుడి చూడొచ్చు.

చెరువు కట్ట

పదిన్నర, పదకొండుకు గుడి నుంచి కదిలి నేరుగా కట్ట మీదికి. బండి కిందే ఆపి నడిచి ఎక్కండి. ఒక పక్క గుట్టలు, వాటి మధ్య ఆగిన నీళ్లు. ఇంకో పక్క కింద పచ్చగా పొలాలు. ఈ గుట్టకూ ఆ గుట్టకూ మధ్య ఖాళీని మట్టి కట్టతో మూసి చెరువు చేశారు. గుట్టల మీద పడ్డ వాననీళ్లన్నీ జారి ఇందులోకే వస్తాయి. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు కూడా చేరుతున్నాయి.

నాలుగు మాటలు తెలిస్తే చెరువు మొత్తం అర్థమవుతుంది. మీరు నిలబడ్డది కట్ట. నీటి వైపు వాలుకు రాళ్లు పేర్చి ఉంటాయి, అలల దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా. పొలాలకు నీళ్లు వదిలే దారి తూము. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు కట్ట మీది నుంచి పొర్లితే కట్ట తెగుతుంది, అందుకని ఒక పక్క కాస్త తగ్గులో రాతితో కట్టిన దారి మత్తడి. తూము కింద పారే పొలమంతా ఆయకట్టు. పొద్దున కారులోంచి చూసిన పొలాలు ఇప్పుడు పై నుంచి చూడండి, కాలువ ఏ మడి నుంచి ఏ మడికి దిగుతోందో కంటికి ఆనుతుంది.

పోయిన ఏడు కట్ట మీద ఒక పెద్దాయన కలిశాడు. నెత్తికి తువ్వాలు, చేతిలో పార. తాత ముత్తాతల నుంచి నీరటి పని చేసిన ఇల్లట. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలి అని చూసుకునే మనిషిని మా వైపు నీరటి అంటారు. మేం గుడి చూసి వచ్చామని చెబితే, "కట్ట ఎక్కకుండ పోతరమ్మా శానమంది. నీళ్లు సూడకుంటె గుడి ఏం సమజైతది?" అన్నాడు. మా అక్క మనవడు పదేళ్లవాడు, బెంగళూరులో పుట్టి పెరిగాడు. ఆయన వాణ్ని కూర్చోబెట్టుకుని, మట్టి మీద పుల్లతో గీసి, తూములోంచి నీళ్లు కింది కాలువలోకి ఎలా దిగుతాయో చూపించాడు. వాడు బడిలో ఈ బొమ్మే వేసి, టీచరుకు చూపించి, నాకు ఫోటో పంపాడు. అది మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మీకూ అలాంటి పెద్దవాళ్లు కనబడితే పలకరించండి. ఊరికే నమస్తే పెట్టినా సంతోషంగా చెబుతారు.

కట్ట మీద నలభై నిమిషాలు ఇవ్వండి. నీడ తక్కువ, టోపీ పెట్టుకోండి.

కోటగుళ్లు

పాలంపేట నుంచి పది కిలోమీటర్లకు అటూ ఇటూగా గణపురం. చుట్టూ కోటలాంటి ప్రహరీ ఉండడంతో కోటగుళ్లు అంటారు. ఒకే ఆవరణలో ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్లు, వాటిలో పెద్దది గణపేశ్వరాలయం. ఊరు గణపురం, దేవుడు గణపేశ్వరుడు, చెరువు గణపసముద్రం: మూడింటికీ గణపతిదేవుడి పేరే. ఇక్కడ కూడా అదే వరస, గుడి పక్కన చెరువు.

రామప్పలో ఉన్న జనం ఇక్కడ ఉండరు. కొన్ని గుళ్లు కూలి ఉన్నాయి, రాళ్లు పేర్చి ఉన్నాయి. మనసు కలుక్కుమంటుంది, కానీ గుడి లోపలి కట్టుబడి ఎలా ఉంటుందో తెలిసేది ఇలాంటి చోటే. పెద్ద గుడి చూరు కింద ఏనుగు మీద నిలబడ్డ, సగం మనిషి సగం సింహం మూర్తులను వెతకండి. గంట చాలు. పడిన రాళ్ల మీద ఎక్కొద్దు.

తిండి

దారిలో వెతుక్కునే కంటే ఇంటి నుంచి కట్టుకెళ్లడమే నా పద్ధతి. పులిహోర, పెరుగన్నం, సర్వపిండి. సర్వపిండి మా వైపు ప్రయాణాలకు పెట్టింది పేరు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం, నానిన శనగపప్పు కలిపి, గుండ్రటి అడుగున్న గిన్నెకు లోపల ఒత్తి, వేలితో నాలుగు చిల్లులు పెట్టి నూనె వేసి కాలుస్తాం. రాత్రి చేస్తే మర్నాడు సాయంత్రానికి కూడా పాడవదు, చేతులు ఖరాబు కావు. కోటగుళ్ల తర్వాత ఏదో ఒక చెట్టు నీడన బండి ఆపి తినేయండి. విస్తరాకులు, కవర్లు మళ్లీ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకురండి. వండి తేలేని వాళ్లు లక్నవరంలో టూరిజం వాళ్ల హోటల్‌లో తినొచ్చు, కాకపోతే భోజనం మూడవుతుంది. నీళ్లు మనిషికి రెండు లీటర్లు.

లక్నవరం

మళ్లీ జంగాలపల్లికి వచ్చి ఏటూరునాగారం వైపు పెద్ద రోడ్డు ఎక్కితే చల్వాయి వస్తుంది. అక్కడి నుంచి కుడికి తిరిగి, పొలాలూ అడవీ దాటితే లక్నవరం. మూడు, మూడున్నరకు చేరేలా చూసుకోండి. బోటు ఎక్కాలనుకుంటే ఆలస్యం పనికిరాదు, సాయంత్రం ఆపేస్తారు. లైఫ్ జాకెట్ పిల్లలకు బిగుతుగా కట్టారో లేదో మీరే చూడండి.

వేలాడే వంతెన దగ్గర ఫొటోల కోసం వరస ఉంటుంది. వంతెన దాటి దీవి మీదికి వెళ్లండి, అక్కడ రద్దీ పలచబడుతుంది. చెరువులో పదమూడు దీవులున్నాయి. నిజానికి అవి మునిగిన గుట్టల శిఖరాలు. ఇది కూడా కాకతీయుల చెరువే. గుట్టల మధ్య ఇరుకు సందులు ఎక్కడున్నాయో చూసి, అక్కడ మాత్రమే పొట్టి కట్టలు వేసి ఇంత నీరు నిలబెట్టారు. రామప్ప కట్ట మీద నిలబడి వచ్చారు కాబట్టి ఇక్కడ మీ కళ్లు వాటంతట అవే కట్ట కోసం, తూము కోసం వెతుకుతాయి. అందుకే దీన్ని చివరికి పెట్టాను.

నీళ్లలోకి దిగొద్దు. ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేస్తే లోతు తెలియదు. కోతులున్నాయి, చేతిలో కవర్ కనబడితే లాక్కుంటాయి. బొగత జలపాతం కూడా ఇదే రోజు చూద్దామని ఎవరైనా అంటే వినకండి. అది వాజేడు దగ్గర, ఇక్కడి నుంచి ఇంకా చాలా దూరం, దానికి వానాకాలంలో వేరే రోజు పెట్టుకోవాలి.

ఐదున్నరకు బండి ఎక్కాలి. చీకటి పడ్డాక చల్వాయి నుంచి ములుగు దాకా రోడ్డు మీద పశువులు పడుకుని ఉంటాయి, ఎదురుగా లారీలు పెద్ద లైట్లతో వస్తాయి. డ్రైవర్‌ను నెమ్మదిగా పోనిమ్మనండి. ములుగులో టీకి ఆపండి, ఆయనకు టీతో పాటు తినడానికీ ఏదైనా చెప్పండి, పొద్దున ఐదున్నర నుంచి మనతో తిరుగుతున్నాడు. ఎనిమిదికల్లా హనుమకొండలో ఉంటారు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు, వాళ్ల మేజోళ్లకు రామప్ప దుమ్ము అంటుకుని ఉంటుంది.